సిద్దిపేట నుండి ఫతే మైదాన్‌కు

కోటలను, రాజప్రాసాదాలను చూడబోయినట్లే నేడు ప్రపంచమంతటా జనం ఫుట్‌బాల్ స్టేడియాలను కూడా చూడబోతున్నారు. స్పెయిన్‌లోని బార్సిలోనాకు వెళ్లినవారు క్యాంప్ నౌను, ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌కు వెళ్లినవారు ఓల్డ్ ట్రాఫర్డ్‌ను, బ్రెజిల్‌లోని రియో నగరానికి వెళ్లినవారు మరకానాను చూడాలని కోరుకుంటారు. ఆట లేని రోజున కూడా టికెట్టు కొనుక్కుని లోపలికి వెళతారు. ఖాళీ గ్యాలరీలో కాసేపు కూర్చుంటారు. ఆటగాళ్లు మైదానంలోకి నడిచే దారిలో నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఒక మహత్తరమైన సంఘటన జరిగిన చోట కాలు మోపాలన్న కోరిక మనిషిలో సహజంగానే ఉంటుంది.

మన ఇండ్లకు ఈ ముచ్చట ఖతర్ ద్వారా దగ్గరయింది. 2022లో అక్కడ ప్రపంచ కప్ పోటీలు 8 స్టేడియాలలో జరిగాయి. అరబ్బులు తలకు ధరించే గహ్ఫియా టోపీ ఆకారంలో అల్ సుమామా స్టేడియంను, ఎడారి గుడారం రూపంలో అల్ బైత్ స్టేడియంను నిర్మించారు. ఓడలలో సరుకు రవాణా చేసే కంటైనర్లతో ఒక స్టేడియంను కట్టి, పోటీల తరువాత విప్పడానికి వీలుగా ఉంచారు. ఆ ఏడాది డిసెంబరు 18న ఫైనల్ లుసైల్ స్టేడియంలో జరిగింది. ఖతర్‌లో ఆ కాలమంతా జరిగిన నిర్మాణ పనులలో చెమటోడ్చిన వలస కార్మికులలో మన తెలంగాణ జిల్లాలవారు కూడా ఉన్నారు. గల్ఫ్‌లో ఉన్న బంధువు పంపిన స్టేడియం ఫోటో లేని కుటుంబం మా సిద్దిపేట వీధులలో తక్కువేనని చెప్పాలి.

ఆ ఫోటోలను చూసి చూసి మా అబ్బాయి మనసులో ఒక కోరిక పుట్టింది. తొమ్మిదవ తరగతి చదువుతున్న వాడు ఒకనాడు భోజనాల దగ్గర, “అబ్బా, ఎప్పటికైనా పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం ఒకటి చూపిస్తారా?” అని అడిగాడు. క్యాంప్ నౌ పేరు, లుసైల్ పేరు చెప్పాడు. పిల్లల దాదా పక్కనే కూర్చుని వింటున్నారు. ఆయన ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. “అంత దూరం దేనికి బేటా? ఆసియా ఖండాన్ని గెలిచిన జట్టును తయారుచేసిన ఊరు మన పక్కనే ఉంది. ముందు అది చూడు” అన్నారు. వాడు నమ్మలేదు. హైదరాబాద్ అంటే క్రికెట్టే కదా అన్నాడు. అప్పుడే మేము ప్రయాణం నిర్ణయించుకున్నాము.

రాజీవ్ రహదారి మీద

సిద్దిపేట నుండి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. 2023 అక్టోబరులో సిద్దిపేట, సికింద్రాబాద్‌ల మధ్య రైలు మొదలైనప్పటి నుండి చాలామంది దానిలో వెళుతున్నారు. మేము మాత్రం బస్సునే ఎంచుకున్నాము. కారణం దాదా. “బస్సు దారిలో మీకు చూపవలసిన ఊరు ఒకటి ఉంది” అన్నారు. ఆ ఊరు ఏదో ముందుగా చెప్పలేదు.

ఫజ్ర్ నమాజు తరువాత ఇంటి నుండి బయలుదేరాము. కుకునూరుపల్లి, ప్రజ్ఞాపూర్, ములుగు దాటి శామీర్‌పేట చేరే సరికి ఎండ ఎక్కింది. తూంకుంట, హకీంపేట, అల్వాల్ దాటి బస్సు లోతుకుంట వద్ద నెమ్మదించగానే దాదా తూర్పు వైపు చేయి చూపించి, “ఆ పక్కనే అమ్ముగూడ. తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే” అన్నారు.

పిల్లలకు ఆ పేరు తెలియదు. 1936లో ఒక నిరుపేద తమిళ కుటుంబంలో పుట్టిన బలరాం, ఇరవై ఏళ్లు నిండిన ఏడాదే భారత జట్టు తరఫున మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1962లో ఆసియా క్రీడల స్వర్ణ పతకం గెలిచాడు. 2023 ఫిబ్రవరిలో పరమపదించాడు. అతడు కుర్రవాడుగా ఉన్నప్పుడు అతని ఆటను గమనించిన కోచ్ ఒకరు నగరంలోని సాధనకు రమ్మన్నారు. అమ్ముగూడ నుండి హైదరాబాద్‌కు పది కిలోమీటర్లకు పైబడిన దారి. ప్రతి దినం రాకపోకలకు ఆ ఇంట్లో డబ్బు ఎక్కడిది? సంగతి తెలుసుకున్న కోచ్ ఆ పిల్లవాడు రావడానికి సైకిలు ఏర్పాటు చేశారు. బలరాం జీవితాంతం ఈ మాటను కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

“ఆ కోచ్ ఎవరు దాదా?” అని మా అమ్మాయి అడిగింది. “ఆయన ఊరికే పోతున్నాము” అన్నారు దాదా.

ఫతే మైదాన్

జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి సిటీ బస్సులో టాంక్‌బండ్ మీదుగా బషీర్‌బాగ్ చేరాము. ఎదురుగా ఆకాశంలోకి లేచిన ఫ్లడ్‌లైట్ల స్తంభాలు కనబడ్డాయి. అదే లాల్ బహదూర్ స్టేడియం. పాతతరం హైదరాబాదీలు నేటికీ దానిని ఫతే మైదాన్ అనే పిలుస్తారు.

ఫతే అనగా విజయం. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ఎనిమిది నెలలపాటు ముట్టడించిన కాలంలో మొగలు సైనికులు ఈ మైదానంలో గుడారాలు వేసుకున్నారని, కోట వశమైన పిమ్మట దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. తరువాత స్టేడియం కట్టారు. 1967లో మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఒక సైనిక శిబిరం రాజుల క్రీడాస్థలమై, ఆపైన సామాన్యుల ఆటస్థలంగా మారడం ఈ నేల చరిత్ర.

క్రికెట్ అభిమానులకు కూడా ఈ చోటు పవిత్ర జ్ఞాపకమే. 1955లో న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రీగర్ ఇక్కడే 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 1999లో సచిన్ తెందూల్కర్ అజేయంగా 186 పరుగులు చేసింది కూడా ఇక్కడే. పెద్ద క్రికెట్ పోటీలు ఉప్పల్ స్టేడియంకు తరలిపోయిన తరువాత ఫతే మైదాన్ బహిరంగ సభలకు, ప్రభుత్వ కార్యక్రమాలకు వేదిక అయింది. రమజాన్ మాసంలో ప్రభుత్వం ఇచ్చే ఇఫ్తార్ విందు ద్వారా మన పాఠకులలో పలువురికి ఈ ప్రాంగణం పరిచయమే. 2023 డిసెంబరు 7న రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది కూడా ఇక్కడే.

మేము వెళ్లిన పూట ఒక మూల పిల్లలు సాధన చేస్తున్నారు. కాపలాదారును అడిగి గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నాము. దూరంగా నౌబత్ పహాడ్ కనబడుతోంది. మైదానం చుట్టూ నగరం హోరెత్తుతున్నా లోపల ఒక విధమైన ప్రశాంతత ఉంది. మా అబ్బాయి చుట్టూ చూసి, “ఇంతేనా?” అన్నాడు. వాడు ఫోన్‌లో చూసిన స్టేడియాల పక్కన ఇది చిన్నదే, పాతదే. అద్దాల గదులు లేవు, ప్రదర్శనశాల లేదు. ఇక్కడ చూడవలసినదానిని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పితేనే కనబడుతుంది. దాదా చెప్పడం మొదలుపెట్టారు.

రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయి, తుదిశ్వాస వరకు ఆ బాధ్యత మోశారు. 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు.

ఆ పోలీస్ జట్టు సాధించినది సామాన్యమైన విషయం కాదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు దక్కించుకుంది. బెంగాలీలు తమ సొత్తుగా భావించే ఆటలో దక్కన్ కుర్రవాళ్లు దేశానికే పాఠం చెప్పిన కాలం అది.

ఈ ఘనత వెనుక ఉన్నది డబ్బు కాదు, ఒక ఉపాధ్యాయుని పద్ధతి. రహీం సాబ్ పిల్లల కోసం విచిత్రమైన పోటీలు నిర్వహించేవారు. ఒక పోటీలో బంతిని తన వద్దే ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయడం నిషేధం. వచ్చిన బంతిని వెంటనే సహచరునికి అందించాలి. మరొక పోటీలో బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే కొట్టాలి.

దాదా ఈ మాట చెబుతూ ఆగి, తన పాత వృత్తిని గుర్తు చేసుకున్నారు. “మేము బడిలో లెక్కలు బాగా వచ్చే పిల్లవాడిచేతే మళ్లీ మళ్లీ లెక్కలు చేయించి మెచ్చుకునేవారము. రానివాడు వెనుక బెంచీలో కూర్చునేవాడు. ఈయన మాత్రం, నీలో ఏది బలహీనమో దానితోనే ఆడి చూపించు అన్నాడు. గెలుపును పక్కవాడితో పంచుకోవడాన్ని ఆట నియమంగానే పెట్టేశాడు. చదువు చెప్పడమంటే ఇదే.”

మా అబ్బాయి అప్పటికి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మెల్‌బోర్న్ నుండి జకార్తా వరకు

రహీం సాబ్ భారత జట్టు బాధ్యతను స్వీకరించిన తరువాత 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోరంగా ఓడిపోయింది. మన ఆటగాళ్లలో కొందరు అప్పటికి బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడేవారు. ఆ చలిదేశపు మైదానంలో అది ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆ ఓటమి తరువాత నాలుగేళ్లకు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియా జట్టును 4–2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేశాడు. చివరకు 4వ స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ నేటికీ దానిని మించలేదు. ఆ జట్టులో హైదరాబాదీలు గణనీయంగా ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సలాం, బలరాం అందరూ ఈ ఊరి మైదానాలలో ఎదిగినవారే.

1962 ఆసియా క్రీడలు ఇండొనేషియాలోని జకార్తాలో జరిగాయి. ఇజ్రాయిల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడంపై భారతీయ క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి ఎదురయింది. ఆ తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంను ఓడించి మన జట్టు ఫైనల్ చేరింది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో ఎదురు నిలిచింది మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా వ్యతిరేక నినాదాలు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ రక్షణ స్థానం నుండి ముందు వరుసకు తెచ్చి ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. భారత్ 2–1తో గెలిచింది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ముందు వరుసలో యూసుఫ్ ఖాన్, బలరాం హైదరాబాద్ వారే.

అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినివేస్తోంది. ఫైనల్‌కు ముందు తన పిల్లలను కూర్చోబెట్టుకుని, తనకు బహుమతిగా ఆ పతకం కావాలని అడిగినట్లు ఆ ఆటగాళ్లు తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. వారు ఆ కోరిక తీర్చారు. 1963 జూన్ 11న ఆయన పరలోక యాత్ర చేశారు. వయసు 53 సంవత్సరాలు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మరల స్వర్ణం గెలవలేదు. 1970లో బాంకాక్‌లో దక్కిన కాంస్యమే ఆ తరువాతి గొప్ప ఫలితం. దానికి కెప్టెన్ హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్.

ఆ ఫైనల్ వార్త సిద్దిపేటకు ఎలా చేరిందో దాదా చెప్పారు. అప్పుడు ఆయన బడి చదువు ముగించబోతున్న కుర్రవాడు. హోటలు వద్ద ఒకరు ఉర్దూ పత్రిక పైకి చదువుతుండగా పదిమంది చుట్టూ చేరి విన్నారట. “బంతి ముఖం చూడనివాడు కూడా ఆ రోజు సంతోషించాడు. ఎందుకంటే చదివి వినిపించిన పేర్లలో అన్ని మతాల పేర్లూ ఉన్నాయి. చునీ గోస్వామి కెప్టెన్, జర్నైల్ సింగ్, తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్. వారందరి గురువు పేరు అబ్దుల్ రహీం. అది మా దేశం జట్టు, అందులో మేమూ ఉన్నాము అనిపించింది” అన్నారు.

ఈ కథ ఆధారంగా 2024లో ఈద్ పండుగ వేళ ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. దాని మూలంగా కొత్త తరం ఆ పేరు విన్నది. అయినా ఒక చలనచిత్రం రెండున్నర మూడు గంటలలో ముగుస్తుంది. బలహీనమైన కాలితో ఆడించిన ఆ పోటీల వెనుక ఉన్న ఓర్పును పిల్లలకు పెద్దలే వివరించాలి.

మైదానం వదలి వెళ్లినవారు

జుహర్ వేళకు అక్కడికి దగ్గరలోనే ఉన్న బాగ్-ఎ-ఆమ్‌లోని షాహీ మస్జిదుకు నడిచాము. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నిర్మించిన ఆ మస్జిదు చెట్ల నీడలో ఎంతో చల్లగా ఉంది. నమాజు తరువాత ఇంటి నుండి తెచ్చుకున్న రొట్టెలు, ఖీమా తిని తోటలో కాసేపు విశ్రమించాము. వృద్ధులను, పిల్లలను వెంట తెచ్చేవారికి ఈ చోటు ఎంతో అనుకూలం.

అక్కడ మా అబ్బాయి ఒక మంచి ప్రశ్న అడిగాడు. “అంతమంది ఆటగాళ్లు ఉన్న ఊరు మరి ఇప్పుడెందుకు వెనుకబడింది?”

కారణాలు ఒకటి కాదు. ప్రతిభ గలవారిని కలకత్తా క్లబ్బులు పిలుచుకున్నాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1949లో హైదరాబాద్‌లో పుట్టిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడి అక్కడి జనం నెత్తిన పెట్టుకునే మనిషి అయ్యాడు. 1977లో బ్రెజిల్ వీరుడు పెలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచింది. అందులో ఒక గోల్ హబీబ్‌దే. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశాడు. 1983లో ప్రపంచ కప్ గెలిచిన తరువాత దేశమంతా క్రికెట్ వెంట పడింది. అన్నిటికంటే ముఖ్యంగా, నగరం పెరిగినకొద్దీ పిల్లలు ఆడుకునే నేల తరిగింది.

నేల విషయం సులభమైనది కాదు. పోలీసుల గోషామహల్ మైదానంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. శిథిలమైన పాత ఆసుపత్రి స్థానంలో పేద రోగులకు మంచి వైద్యం అందాలని ఎవరు కోరుకోరు? ఆసుపత్రి అవసరమే, మైదానమూ అవసరమే. అయితే నేల కోసం వెతికేవారి కంటికి ముందుగా కనబడేది ఆటస్థలమే, ఎందుకంటే అది ఖాళీగా ఉన్నట్లు కనబడుతుంది. అక్కడ సాయంత్రం ఆడే పిల్లవాడికి ఏ పట్టా ఉండదు.

గచ్చిబౌలి

అసెంబ్లీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటోలో గచ్చిబౌలి చేరాము. లోక్‌సభ స్పీకర్‌గా ఉంటూ 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు ఈ స్టేడియంకు పెట్టారు. సుమారు 30 వేలమంది కూర్చోగల గ్యాలరీలు, మైదానం చుట్టూ పరుగు పందాల దారి ఉన్నాయి. పిల్లలు కోరుకున్న ‘పెద్ద స్టేడియం’ ఇదే. మా అబ్బాయి ముఖం వెలిగింది.

2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టు సెమీ ఫైనల్లో జింబాబ్వేను 5–3తో ఓడించి, ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 1–0తో ఓడి రజతం పొందింది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడ జరిగింది. భారత్ మారిషస్‌తో గోల్స్ లేకుండా సమంగా ముగించి, సిరియా చేతిలో 3–0తో ఓడింది. ఏళ్ల తరబడి యుద్ధంలో నలిగిన సిరియా ఆటగాళ్లు మన గచ్చిబౌలిలో కప్పు ఎత్తుకున్నారు.

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సి క్లబ్బుకు ఇదే సొంత మైదానంగా ఉండేది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయింది. అయితే 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం గల శ్రీనిధి దక్కన్ జట్టు మాత్రం ఐ-లీగ్‌లో 2022–23, 2023–24 సంవత్సరాలలో వరుసగా రెండవ స్థానంలో నిలిచింది.

గచ్చిబౌలి ఖాళీ గ్యాలరీలో కూర్చుని పిల్లలు తమంతట తామే రెండు చోట్లనూ పోల్చుకున్నారు. మా అమ్మాయి అన్నది: “ఇక్కడ కుర్చీలు ఎక్కువ. అక్కడ మనుషులు ఎక్కువ తయారయ్యారు.” ఆరవ తరగతి పిల్ల నోటి నుండి వచ్చిన ఆ మాటకు దాదా ఆమె తల నిమిరారు.

ఆ వెంటనే ఆమె మరొక ప్రశ్న వేసింది. ఆటగాళ్ల పేర్లన్నీ అబ్బాయిలవేనా అని. కాదని చెప్పాము. నిజామాబాద్ జిల్లా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడింది. సిద్దిపేట నుండి నిజామాబాద్ ఎంత దూరమో పిల్లలకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో జరిగిన చర్చ

అసలు విషయం తిరుగు బస్సులో బయటపడింది. ప్రతి ఉదయం సాధనకు వెళ్లడానికి అనుమతి కోసం మా అబ్బాయి నెలల తరబడి ఎదురుచూస్తున్నాడు. వచ్చే ఏడాది పదవ తరగతి. చదువు చెడుతుందేమో, దెబ్బలు తగులుతాయేమో, చెడు సావాసం పట్టుకుంటుందేమో అన్న భయం తల్లి మనసులో ఉంది. అది న్యాయమైన భయమే. మన ఇండ్లలో ఆట అనగానే కాలహరణమన్న మాట ముందు వస్తుంది. గంటలకొద్దీ ఫోన్ పట్టుకుని ఇతరుల ఆట చూస్తే మాత్రం పిల్లవాడు ఇంటిలోనే ఉన్నాడు కదా అని ఊరుకుంటాము.

దాదా వాదించలేదు. ఒక లెక్క మాత్రం చెప్పారు. ఫజ్ర్ నమాజుకు, బడి గంటకు మధ్య ఉన్న సమయంలో ఒక గంట ఆటకు ఇస్తే చదువుకు పోయేది ఏమీ లేదు. పైగా ఫజ్ర్‌కు లేపవలసిన శ్రమ తప్పుతుంది. దేహం అల్లాహ్ ఇచ్చిన అమానతు అని పిల్లలకు నేర్పుతాము, దానిని దృఢంగా ఉంచుకునే వీలు కూడా మనమే కల్పించాలి అన్నారు. సావాసం సంగతి అంటారా, పిల్లవాడి వెంట పెద్దవారు ఒకరు వెళ్లి గట్టు మీద కూర్చుంటే ఆ భయం సగం తీరుతుంది.

శామీర్‌పేట దాటేలోగా ఒక ఒప్పందం కుదిరింది. అబ్బాయి వారానికి 5 ఉదయాలు సాధనకు వెళతాడు. త్రైమాసిక పరీక్షలలో మార్కులు తగ్గితే మరల కూర్చుని మాట్లాడుకుంటాము. వెంట వెళ్లే బాధ్యత దాదాది. ఎలాగూ ఆ వేళకు ఆయన నడకకు వెళతారు. అమ్మాయికి కూడా ఆడుకునే ఏర్పాటు చూడాలన్నది తల్లి పెట్టిన షరతు. వాళ్ల బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలితో ఆమే స్వయంగా మాట్లాడతానన్నది.

ఈ యాత్ర చేయదలచిన కుటుంబాలకు కొన్ని సూచనలు. సిద్దిపేట నుండి ఉదయమే బయలుదేరితే రెండు స్టేడియాలను చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. సభలు, పోటీలు ఉన్న రోజులలో లోపలికి వెళ్లడం సాధ్యం కాదు కనుక ముందుగా విచారించుకోవడం మంచిది. లోపలికి వెళ్లేముందు కాపలాదారుల అనుమతి తీసుకోండి. ఫతే మైదాన్‌ను ముందు, గచ్చిబౌలిని తరువాత చూడండి. ఇంటిలో వృద్ధులు ఉంటే వారిని తప్పక వెంట తీసుకెళ్లండి. వారికి ఫుట్‌బాల్ తెలియకపోయినా ఆ కాలం తెలుసు. ఆ మెట్ల మీద కూర్చుని పిల్లలు అడిగే ప్రశ్నలకు వారి వద్దనే జవాబులు ఉంటాయి.

మరొక్క మాట. మీ ఊరిలో పిల్లలు ఆడుకునే నేల ఏది, అది ఎవరి పేరున ఉన్నది, రేపు దాని మీద ఏమి కట్టబోతున్నారు అన్న సంగతి ఈ వారమే తెలుసుకోండి. జుమా తరువాత నలుగురు పెద్దలు కలిసి మున్సిపల్ కార్యాలయానికో, గ్రామ పంచాయతీకో వెళ్లి ఆ నేలను ఆటస్థలంగా నమోదు చేయమని ఒక అర్జీ ఇవ్వడానికి పెద్ద ఖర్చు ఉండదు. అన్ని మతాల పిల్లలూ ఆడే చోటు కనుక పొరుగువారిని కూడా ఆ అర్జీపై సంతకానికి పిలవండి.